ఒక్క నాగా లేని గొడుగు

తుకుం బస్తీలో పోశాన్ని ఎరగనివాళ్లు ఎవరైనా ఉంటే ఉండవచ్చు గానీ, పోశం గొడుగును ఎరగనివాళ్లు మాత్రం లేరు. ఎండైనా వానైనా, ఆ రెండూ లేని చల్లటి పొద్దయినా, ఆ నల్ల గొడుగు ఆయన చంకలో ఉండాల్సిందే. పైనుంచి నేలను తవ్వుకుంటూ పోయే సాస్తి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపినన్నాళ్లూ పోశం ఒక్క నాగా పెట్టలేదు. జ్వరమొచ్చినా పోయాడు, పెళ్లయిన మర్నాడూ పోయాడు, బావమరిది పెళ్లి బారాత్ ఇంటి ముందు నుంచి పోతుంటే దాన్ని అడ్డంగా దాటుకుని మరీ డ్యూటీకి పోయాడు. అది చూసి మెచ్చి కంపెనీ వాళ్లు ఒక పంద్రాగస్టు నాడు నలుగురిలో పిలిచి ఆ గొడుగు చేతికిచ్చారు. పిడికి చిన్న ఇత్తడి పట్టీ, దాని మీద ఆయన పేరు. గొడుగు గుడ్డ రెండుసార్లు మారింది గానీ, భార్య ఆగమ్మ చింతపండు పెట్టి తోమబట్టి పట్టీ మాత్రం ఇప్పటికీ మెరుస్తూనే ఉంది.

రిటైరయ్యాక పోశానికి మిగిలిన ఉద్యోగం ఒకటే, ఆ గొడుగు సంగతి చెప్పుకోవడం. చెప్పిన ప్రతిసారీ చివర్లో ఒక మాట కలిపేవాడు. "ఉన్నడు గదా మా సడ్డకుడు, నాగాల ఇస్తారి!"

ఇస్తారి అంటే ఆగమ్మ చెల్లెలు సుభాషిణి భర్త. అదే గనిలో అడుగున చేరిన నీళ్లు తోడే పంపు దగ్గర పని. మామిడిపండ్ల కాలం వస్తే ఒక నాగా, రాజురాలో కొత్త సినిమా పడితే ఒక నాగా, ఏమీ లేకపోతే ఏమీ లేదని ఒక నాగా. పెళ్లాన్ని వెంటేసుకుని జాతరలు తిరగడమే తప్ప పని మీద ధ్యాస లేని మనిషని పోశం లెక్క. ఆ మాట ఇస్తారి ముఖం మీదే, పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఎన్ని విందుల్లో అన్నాడో చెప్పలేం. ఇస్తారి నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఇస్తారి ఇప్పుడు సముద్రం చూసొచ్చాడు.

ఆయన బిడ్డ మాధురి నాగపూర్‌లో చదువుతోంది. గుట్టలెక్కే పిల్లలందరూ కలిసి ఒక జట్టు కట్టుకున్నారు. కొంకణం దిక్కున నారళ్‌వాడి అని సముద్రపు ఒడ్డున ఒక పల్లె ఉందట. ఇసుకలో గుడారాలు వేసుకుని ఉండడానికీ, పక్కనున్న గుట్టలెక్కి తిరగడానికీ ఎక్కడెక్కడి జనమో అక్కడికి వస్తారట. ఈసారి మాధురి అమ్మనూ నాన్ననూ కూడా తీసుకుపోయింది. తిరిగొచ్చిన ఆదివారం సాయంత్రం ఇస్తారి తన ఇంటి అరుగు మీద కుర్చీలు వేసి, అందరినీ చాయ్‌కి పిలిచాడు. పోశం రానన్నాడు. ఆగమ్మ అప్పటికే చెప్పులు తొడుక్కుంది కాబట్టి రాక తప్పలేదు.

అరుగు మీద ఇంకొకాయన కూడా ఉన్నాడు. పక్కింటి రామకిషన్. గని ఆఫీసులో పనోళ్ల హాజరు రాసే హాజిరీ బాబుగా చేసి రిటైరైనవాడు. మరాఠీ మనిషే అయినా, తెలుగు కూలీల పేర్లు పిలిచి పిలిచి తెలుగు పట్టుబడింది. కొంకణం నుంచి తెచ్చిన జీడిపప్పు పళ్లెం ఆయన ముందే ఉంది.

సుభాషిణి అక్క పక్కన కూర్చుని ఫోన్‌లో ఫోటోలు చూపిస్తోంది. మోకాళ్ల దాకా చీర ఎత్తి పట్టుకుని సుభాషిణి అలల్లో గంతులేస్తున్న ఫోటో దగ్గర ఆగమ్మ ఆగిపోయింది. రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసి చూసింది, చిన్నది చేసి చూసింది, మళ్లీ పెద్దది చేసింది. ఇంతలో ఇస్తారి లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ సీసా తెచ్చాడు. అందరూ గోదావరికి పోయి నీళ్లు తెచ్చుకున్నట్టు, ఈయన సముద్రపు నీళ్లు పట్టుకొచ్చాడు.

"వదినా, చెయ్యి వట్టు," అన్నాడు.

ఆగమ్మ దోసిలి పట్టింది. తీర్థం పుచ్చుకున్నట్టే పుచ్చుకుని, వెంటనే ముఖం ముడుచుకుని, ఆ వెంటనే పకపకా నవ్వింది. "అవ్వో! నిజంగనే ఉప్పగున్నయే!"

ఆ నవ్వు చూసి పోశానికి కడుపు భగ్గుమంది. తను గొడుగు తెచ్చిన రోజున కూడా ఆమె ముఖం అట్లా విప్పారలేదు. ఆ రోజు "మంచిగుంది" అని మూలన పెట్టింది. ఇప్పుడు ఈ నాగాలవాడు సీసాడు ఉప్పునీళ్లు తెస్తే చిన్నపిల్లలా నవ్వుతోంది.

"అక్కా, వచ్చే నెల మాధురోళ్లు మళ్ల పోతున్నరు," అంది సుభాషిణి. "ఈసారి నువ్వు గూడ రా."

ఆగమ్మ మెల్లగా తలెత్తి పోశం వైపు చూసింది. ఆ చూపులో ఉన్నది అడగడమే. అరుగు మీద ఉన్నవాళ్లందరికీ తెలిసింది, పోశానికీ తెలిసింది. ఆయన ఊఁ అనబోయాడో ఏమో కూడా. అంతలో ఇస్తారి నోరు విప్పాడు.

"నువ్వు గూడ రా అన్నా. గుడారం ఎట్ల కట్టాల్నో నేను నేర్పిస్త."

నేను నేర్పిస్త! ఒక్క నాగా లేని పోశానికి నాగాల ఇస్తారి నేర్పిస్తాడట! పోశం గొడుగు పిడిని గట్టిగా పట్టుకున్నాడు.

"ఏముంటదే గాడ సూసేటందుకు?" అన్నాడు ఆగమ్మతో. "నేను ఎప్పుడో సూసిన."

"ఎప్పుడు?" అంది ఆగమ్మ.

"ఎప్పుడో అప్పుడు. చెప్పేటప్పుడు మధ్యల అడ్డం రాకు." పోశం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మీరు పోయిన నారళ్‌వాడి వేరు, నేను పోయిన నారళ్‌వాడి వేరు. ఇప్పుడేముంది, ఫోన్ల ఒక్క ఏలుతోని నొక్కితె గుడారం తయారు, చాయ్ తయారు, మెత్తటి పరుపు తయారు. గప్పుడు గాడ ఇసుక తప్ప పురుగు లేదు. నా దగ్గర ఏముండె? ఒక దోతి, గీ గొడుగు. గొడుగు ఇప్పి ఇసుకల గుచ్చిన, దాని మీదికెళ్లి దోతి కప్పిన, నాలుగు మూలల నాలుగు రాళ్లు పెట్టిన. అయిపాయె. నన్ను సూసే గాడోళ్లు గుడారం కట్టుడు నేర్సుకున్నరు. గంతకుముందు గా దిక్కు గుడారం అన్న మాటే ఎవ్వలకు ఎరికలేదు."

"అంటే మేం పండుకున్నది నీ గుడారంలనేనా అన్నా?" అన్నాడు ఇస్తారి.

"నా దానికి మీది మనుమరాలనుకో."

మాధురి నవ్వింది. పోశానికి కాస్త ఊపిరాడింది.

"సద్ది తిన్న, జర నడుము వాల్చిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అరికాళ్లకు సల్లగ తగిలింది. ఏందిరా అని కండ్లు తెరిసి సూస్తె, సముద్రం! అడుగకుంట, చెప్పకుంట, చెప్పులు గూడ ఇడువకుంట గుడారంల జొరవడ్డది."

"భర్తీ ఆలీ, పెద్దబాపూ," అంది మాధురి. సముద్రం పోటెత్తడాన్ని మరాఠీలో అట్లా అంటారు.

"ఏదో ఒకటి వచ్చింది. ఇంకొకడైతే ఉరుకుతుండె. మీ బాపయితే ఆ దినం గూడ నాగా పెడుతుండె. నేను డంపరోణ్ని బిడ్డా. ఇల్లంత బండి నా చెయ్యి సూసి ఎనుకకు పోతది, గీ నీళ్లెంత? గొడుగు ముడిసిన, నిలువుగ పట్టిన, నోట్ల రెండేళ్లు పెట్టి సీటీ కొట్టిన. పీఛే... పీఛే... జర లెఫ్టు... ఔర్ పీఛే... అన్న. సముద్రం ఆగింది. నన్ను కింది నుంచి మీది దాక సూసింది. ఈడు ఒక్క నాగా లేని పోశం, ఈనితోని పెట్టుకోవద్దు అనుకున్నదో ఏందో, మెల్లగ రివర్స్ తీసుకున్నది. కుయ్ కుయ్ కుయ్ అని హారన్ గూడ వినవడ్డది."

"సముద్రానికి హారనా, పోశంభావు?" అన్నాడు రామకిషన్, జీడిపప్పు నములుతూ. అన్నను మరాఠీలో భావు అంటారు.

"నీకు వినవడదు బాబూ. నువ్వు ఆఫీసుల పంకా కింద కూసున్నోనివి. డంపర్ నడిపినోనికి వినవడ్తది." పోశం మళ్లీ అందుకున్నాడు. "పొమ్మన్న, పోయింది. మళ్ల జర రా అన్న, వచ్చింది. గట్ల దానికి అలవాటయింది. గప్పటి సంది దినాం వచ్చుడు, పోవుడు, వచ్చుడు, పోవుడు, షిఫ్టు లెక్క. మాధురీ, నీ పుస్తకాలల్ల చందమామ గుంజుతడు అని రాసిండ్రు గావచ్చు. చందమామకేం పని? నేర్పింది నేను."

"ఖరంచ్?" అని మాధురి కళ్లు పెద్దవి చేసింది. నిజమా అని అడిగినట్టే ఉంది గానీ, నవ్వు ఆపుకోవడానికి దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆగమ్మ మాత్రం నవ్వలేదు. ముందుకు వంగింది. "నీళ్లు ఎనుకకు పోతె కింద ఏముంటదయ్యా?"

"ఏముంటది? నేల."

"గవ్వలుంటయా?"

పళ్లెంలో సుభాషిణి పెట్టిన నాలుగు గవ్వలున్నాయి. పోశం వాటి వైపు ఒక చూపు చూసి, "ఉంటయ్. గిసొంటియే. తెల్లయి, జర ఎర్రయి," అన్నాడు.

"అవతలి ఒడ్డు కానస్తదా?"

"కానరాకేంది? చెట్లు గూడ కానస్తయ్. మనుషులు నడుసుడు గూడ కానస్తది."

ఈసారి దుపట్టా ఆపలేకపోయింది. మాధురి కిసుక్కుమంది. సుభాషిణి బిడ్డ తొడ మీద గిల్లింది. ఎందుకు నవ్వుతున్నారో పోశానికి అర్థం కాలేదు. ఆయన చూసిన పెద్ద నీళ్లు వర్ధా నది, దానికి అవతలి ఒడ్డున రాజురా రోడ్డు మీద బస్సులు కూడా కనిపిస్తాయి.

ఆయన్ని ఇబ్బంది పెట్టింది ఆ నవ్వు కాదు. సముద్రంలో ఏమీ లేదని చెప్పి ఆగమ్మ మనసు మళ్లిద్దామని మొదలుపెట్టిన మాట ఇది. కానీ చెప్పేకొద్దీ ఆమె కళ్లలో ఆశ పెరుగుతోందే తప్ప తరగడం లేదు. గవ్వ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. దాన్ని చెవి దగ్గరికి తీసుకుపోతోంది. సముద్రాన్ని కాస్త తక్కువ చేసి చెప్పాల్సింది అనుకున్నాడు పోశం.

"అసలు సముద్రం సముద్రం అంటున్నరు గదా, గప్పుడు ఎంత లోతుండెనో తెలుసా?" అన్నాడు గొంతు పెంచి. "మోకాలు. గంతే. బర్లు పండుకుంటె ఈపులు మీదికి కానస్తుండె. గీ నీళ్లు ఎప్పుడన్న ఊర్లెకొస్తయ్, ఇండ్లు మునుగుతయ్, లోతు జెయ్యాలె అని నేను ఆలోచన జేసిన. గాడ రోడ్డు పనికి ఒక డంపరు వచ్చి ఉండె. డ్రైవరు కొత్త పోరడు, పాపం, గేరు పడక గోస పడుతుండు. దిగు బిడ్డా అన్న. ఎక్కి కూసున్న. సముద్రాన్ని సీటీ కొట్టి ఎనుకకు పంపుడు, అడుగు తొవ్వుడు, మట్టి ఒడ్డుకు పోసుడు, నీళ్లను మళ్ల రమ్మనుడు. మన సాస్తిల ఎట్ల తొవ్వుతరో గట్లనే, మెట్లు మెట్లుగ తొవ్విన. తొవ్వంగ తొవ్వంగ లోతయింది. సముద్రమంటె ఏందనుకున్నరు మీరు? నీళ్లు నిండిన ఓపెన్‌కాస్టు. గంతే!"

"డంపరోడివి నువ్వు మోసినవ్ సరే, మరి తొవ్విందెవ్వలన్నా?" అన్నాడు ఇస్తారి.

"గొడుగుతోని తొవ్విన. నువ్వు ఆగు."

"మరి తొవ్విన మట్టి ఏమాయె?"

పోశం ఎదురుచూస్తున్నది ఈ ప్రశ్న కోసమే. మాధురి చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఇందాక అందరూ నవ్విన ఒక ఫోటో వెతికి పైకెత్తి చూపించాడు. అందులో గుట్ట మధ్యలో ఒక బండ మీద ఇస్తారి చతికిలబడి ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది, తువ్వాల నెత్తి మీద ఉంది.

"మట్టి ఏమైందో తెలుసా? సూడుండ్రి. అడుగడుక్కు కూసుంట, ఆయాసపడుకుంట, బిడ్డ చెయ్యి వట్టి గుంజితె ఎక్కిండు గదా మా సడ్డకుడు, గా గుట్ట నేను పోసిన మట్టి. నేను ఒక్క షిఫ్టుల పోసిన గుట్టను ఎక్కనీకె ఈనికి ఒక పూట పట్టింది!"

అరుగంతా గొల్లుమంది. రామకిషన్ కూడా నవ్వాడు. ఇస్తారి ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. ఆ చిన్నబోయిన ముఖం చూసి పోశానికి పాయసం తాగినంత హాయిగా ఉంది. సముద్రానికి పోతేనేం, కూలబడ్డ ఫోటో ఉంది కదా.

"ఎక్కిండు గదా బావా," అంది సుభాషిణి, మొగుణ్ణి అంతమాట అంటే ఊరుకోలేక. "మెల్లగనే ఎక్కిండు గని, కొన దాక ఎక్కిండు. నా చెయ్యి గూడ ఇడువలే. అక్కా, పైకెళ్లి సూస్తె ఇగ ఏం చెప్పాలె! నీలంగ, ఎంత దూరం సూసినా నీళ్లే. ఎక్కడ మొగులు మొదలయితదో, ఎక్కడ నీళ్లు అయిపోతయో తెల్వదు. నాకు ఏడుపొచ్చింది."

"ఏడుపెందుకే?" అంది ఆగమ్మ.

"ఏమో. ఇన్నేండ్లు సూడలే గదా అని."

ఆగమ్మ చెల్లెలి చేయి పట్టుకుంది. అందరూ పోశాన్ని మరిచిపోయారు. ఆయన పోసిన గుట్ట కూడా ఎవరికీ అక్కరలేకపోయింది. చేయి విడవలేదట! తను ఆగమ్మ చేయి పట్టుకుని ఏ గుట్టా ఎక్కలేదు, ఏ జాతరకూ పోలేదు. అది గుర్తొచ్చి ఇస్తారి మీద మంట ఇంకా ఎక్కువైంది. ఏ పనీ సరిగ్గా చేయనివాడికి ఈ మెప్పేమిటి?

"ఉప్పు!" అని పోశం ఒక్కసారి అరిచాడు. అందరూ ఉలిక్కిపడి ఇటు తిరిగారు. "ఉప్పు అంటిరి గదా ఇందాక? గా నీళ్లు ఉప్పగ ఎట్లయినయో తెలుసా?"

"ఎట్లయినయ్ పెద్దబాపూ?"

"గంతకుముందు తియ్యగ ఉండె. ఊర్లోళ్లు బిందెలల్ల ముంచుకోని తాగుతుండ్రి. నేను గుట్ట పోస్తున్న గదా, ఎండ మండిపోతుంది, గా డంపరుకు పంకా గూడ లేదు. నా చెమట కారుడు మొదలువెట్టింది. కాలువ లెక్క కారింది. కారి కారి సముద్రంల కలిసింది. తెల్లారి ఊర్లె ఆడోళ్లు బిందెలు పట్టుకోని వచ్చి నోట్ల పోసుకోని, అవ్వో ఉప్పగున్నయే అన్నరు. గిట్లనే, మా ఆగమ్మ అన్నట్టే అన్నరు. ఇస్తారీ, నువ్వు సీసాల తెచ్చింది ఏంది? సముద్రం కాదు. నా చెమట!"

రామకిషన్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మాధురి ఫోన్ తీసి పెద్దబాపు మాటలు రికార్డు చేస్తోంది. ఇస్తారి సీసాను ఎత్తి వెలుతురుకు పెట్టి చూసి, కాస్త దూరంగా పెట్టాడు. ఆ సీసా నవ్వు ఇప్పుడు పోశానిది. పోశానికి ఛాతీ రెండింతలైంది.

"మస్తు చెప్తవ్ అన్నా," అన్నాడు ఇస్తారి, నిజంగానే మెచ్చుకుంటూ. "మేం మూడు దినాలు ఉంటిమి. మాకు గియ్యేమీ తెల్వలే. నువ్వు ఎన్ని దినాలున్నవ్?"

మూడు అన్నాడు కాబట్టి అంతకు తక్కువ చెప్పే మనిషి కాదు పోశం. సమానం చెప్పే మనిషి కూడా కాదు.

"మూడు దినాలల్ల ఏం తెలుస్తది?" అన్నాడు కాలు మీద కాలేసుకుని. "నేను నిండ వారమున్న."

జీడిపప్పు నమలడం ఆగిపోయింది.

"వారమా?" అన్నాడు రామకిషన్.

"వారం. ఒక్క పూట తక్కువ గాదు."

"డ్యూటీల ఉన్నప్పుడేనా?"

"మరి? ఒంట్లె సత్తువ ఉన్నప్పుడు పోస్తరు గని గుట్ట, గిప్పుడు పోస్తరా?"

రామకిషన్ పళ్లెం కింద పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. ఆయన ముఖంలో నవ్వు ఎటు పోయిందో తెలియలేదు. గని ఆఫీసులో కిటికీ వెనకాల కూర్చున్నప్పటి ముఖం అది. సొంత తమ్ముడు కాస్త ఆలస్యంగా వస్తే కూడా ఇంటికి పంపించిన మనిషని ఆయనకు పేరు.

"పోశంభావు, నువ్వు వారం దినాలు గాడ ఉంటివి. మరి ఇక్కడ నీ హాజిరీ ఎవ్వడు ఏసిండు?"

పోశం గొడుగును ఒళ్లోకి తీసుకున్నాడు.

"నేను ఏసిన," అన్నాడు రామకిషన్. "దినాం నేనే ఏసిన. నువ్వు సముద్రాన్ని ఎనుకకు పంపుకుంట కూసుంటె, నేను ఇక్కడ నీకు దొంగ హాజిరీ ఏసిన్నా? నా నౌకరి మొత్తంల ఒక్క దొంగ హాజిరీ లేదు. నీకు గొడుగు ఇయ్యిండ్రి అని సాబుకు చెప్పింది నేను. ఖరం సాంగ్, పోశంభావు. నిజం చెప్పు."

"ఆదివారాలు... గవ్వి గివ్వి కలిపి..." అన్నాడు పోశం.

"ఆదివారం గూడ డ్యూటీ జేసిన అని ఊరంత చెప్పుకున్నది ఎవ్వలు?"

"లీవు పెట్టిన గావచ్చు."

"లీవు పెట్టినోని చేతుల ఒక్క నాగా లేని గొడుగు ఉండొద్దు."

మాధురి ఫోన్ దించింది. పోశం గొడుగు వైపు చూశాడు. ఇత్తడి పట్టీ ఎప్పటిలాగే మెరుస్తోంది. సముద్రాన్ని ఆపిన గొడుగు, గుడారమైన గొడుగు, లోతు తవ్విన గొడుగు ఇప్పుడు ఆయన ఒళ్లోనే ఉంది, ఏ సాయమూ చేయడం లేదు.

"అన్నా," అన్నాడు ఇస్తారి. గొంతులో ఎగతాళి లేదు. అందుకే అది ఎక్కువ తగిలింది. "రామకిషన్ బాబు మీదికి మాట రానియ్యకు. ఏదో ఒకటి చెప్పు. గొడుగా, సముద్రమా?"

పోశం లెక్క వేసుకున్నాడు. సముద్రమంటే వారం నాగాలు. అంటే గొడుగు దొంగది, ఇన్నేళ్లు ఇస్తారిని అన్న మాటలన్నీ తనకే వస్తాయి. గొడుగంటే సముద్రం చూడలేదు. ఇస్తారి చూశాడు, తను చూడలేదు. ఎటు తిప్పినా ఇస్తారే పైన ఉంటున్నాడు. ఎటూ తోచక, ఎప్పుడూ తోచనప్పుడు చూసినట్టే ఆగమ్మ వైపు చూశాడు.

"బాబు హాజిరీ సంగతి పక్కన పెట్టుండ్రి," అంది ఆగమ్మ. "గా వారం నేను కట్టిన టిఫినులు ఎవ్వలు తిన్నరు?"

పోశం తల దించుకున్నాడు.

"గొడుగే," అన్నాడు.

రామకిషన్ పెద్దగా ఊపిరి వదిలి, పళ్లెం మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. ఆయనకు సంబంధించినంత వరకు విచారణ అయిపోయింది. ఆగమ్మకు కాలేదు.

"అంటే సముద్రం సూడలే."

"సూడలే."

"సూడనోడివి, గాడ ఏముంటది అని నన్నెందుకు ఆపవడ్తివి?"

"మరి ఈడు గుడారం కట్టుడు నేర్పిస్తడట నాకు!" పోశం ఇస్తారి వైపు వేలు చూపించాడు. "నాకు! నాగాల ఇస్తారి! ఈని ఎనుక నడవాల్నా నేను? ఈడు మామిడిపండ్లు తినుకుంట తిరిగినన్ని దినాలు నేను దుమ్ము తిన్న. గిప్పుడు సముద్రం ఈనిది, గుట్ట ఈనిది, నీ నవ్వు గూడ ఈడు తెచ్చిన సీసాకే!"

చివరి మాట అనాలని అనుకోలేదు. అనేశాడు. సుభాషిణి చీర కొంగు సర్దుకుంది. ఇస్తారి నేల చూపులు చూశాడు.

ఆగమ్మ లేచి నిలబడింది. కోపంగా లేదు. చాలా రోజులుగా వెతుకుతున్న వస్తువు దొరికినదానిలా ఉంది.

"రామకిషన్ బాబూ, ఈయన ఒక్క నాగా పెట్టలే. నిజమే గదా?"

"నిజమే బాయీ. నేనే సాక్షి."

"మరి ఈయన కంటె ముందు లేసి పొయ్యి ముట్టిచ్చింది ఎవ్వలు? ఫస్టు షిఫ్టుకు టిఫిను కట్టింది ఎవ్వలు? బొగ్గు దుమ్ము బట్టలు పిండింది ఎవ్వలు? ఈయనకు జరమొస్తె డంపరెక్కిండు, అందరు సప్పట్లు కొట్టిండ్రు. నాకు జరమొస్తె గూడ నేను పొయ్యి కాడికి పోయిన. నా హాజిరీ ఎవ్వలు ఏసిండ్రు?"

రామకిషన్ ఆలోచించాడు. ఇంత సూటి ప్రశ్న ఆ కిటికీ దగ్గర ఎవరూ అడిగినట్టు లేరు. "ఎవ్వలు ఏయలే," అన్నాడు చివరికి.

"అయితె గిప్పుడు ఏయ్యి. వచ్చే నెల ఆగమ్మకు నాగా. ఎన్ని దినాలో వచ్చినంక చెప్త." చెల్లెలి వైపు తిరిగింది. "నేను వస్తున్నానే. గాడ ఎండ ఎక్కువనా?"

"మస్తుంటది అక్కా."

ఆగమ్మ వంగి పోశం ఒళ్లోంచి గొడుగు తీసుకుంది. ఆయన పిడి వదల్లేదు. ఆమె కూడా వదల్లేదు. కాసేపు ఇద్దరి చేతులూ దాని మీదే ఉన్నాయి. తర్వాత పోశం చేయి జారింది.

"గొడుగు నాది," అన్నాడు నీరసంగా.

"పట్టీ తోమింది నేను."

అరుగు మీదే విప్పి, తల మీద పట్టుకుని, ఇటొకసారి అటొకసారి తిప్పి చూసుకుంది. ఆ నల్ల గొడుగు కింద ఆమె ముఖం ఇందాకటి నవ్వుతో నిండిపోయింది. ఈసారి అది సీసా నవ్వు కాదు. అయినా పోశానికి కడుపుమంట తగ్గలేదు, అది ఎవరి మీదన్నదే మారింది. ఇప్పుడాయన తన భార్యను చూసి కుళ్లుకుంటున్నాడు.

"మరి నాకు బువ్వ?" అన్నాడు.

"పొద్దుగాల లేసి పొయ్యి ముట్టియ్యి," అంది ఆగమ్మ గొడుగు ముడుస్తూ. "రామకిషన్ బాబు దినాం వచ్చి హాజిరీ ఏస్తడు. నేనొచ్చేదాక ఒక్క నాగా లేకుంటె, గప్పుడు గొడుగు నీకిస్త."